కనపడని వల అల్లిన అక్క

చచ్చిపోయిన మనిషి దినాల నాడు విస్తరి ముందు కూర్చుని వ్యాపారం మాట్లాడేవాళ్లు ఉంటారని వినడమే గానీ చూడలేదు. మొన్న చూశాను. ఖిలా వరంగల్‌లో మా అక్క ఇంటి ముందు టెంటు వేసి, వచ్చినవాళ్లందరికీ భోజనాలు పెట్టారు. నా పక్కన కూర్చున్నాయన పప్పుచారు కలుపుకుంటూ మెల్లగా నా వైపు వంగాడు. దవాఖానాల్లో సెలైన్ ఎక్కించే మిషన్లు తయారు చేసే కంపెనీ ఆయనది. మాకున్న పెద్ద గిరాకీ ఆయనే.

"మేడం, ఇగ మీరే కద అంత చూసుకునేది. ఆమెది జర మొండితనం ఉండె, పాపం. మీరు గట్ల కాదని నాకు తెల్సు. కొత్త స్క్రీన్లు తెప్పిచ్చిన. సోమవారం పట్టుకొస్త, జర ఓకే చెయ్యిరి."

నోట్లో ముద్ద ఉంది. లేకపోతే అక్కడే నాలుగు దులిపేదాన్ని. ఇంటి లోపల ఆమె ఫోటోకు వేసిన దండ ఇంకా వాడలేదు, ఈయనకు ఓకే కావాలి! పైగా 'పాపం' ఒకటి. ఆమెను పాపం అనడానికి ఈయనెవరు? ఆమె బతికుండగా ఒక్కసారి ఆమె ముఖం మీద అని ఉంటే తెలిసేది పాపం ఎవరో. ఆ రోజు మింగిన మాటలే ఇప్పుడు ఇలా కాగితం మీద పెడుతున్నాను.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. మట్టెవాడలో స్టీలు సామాన్ల కొట్టు మీద, మెట్లెక్కి పోతే వచ్చే రెండు గదులు మా వర్క్‌షాపు. పెట్టింది ఆమె, నడిపింది ఆమె, తిట్టింది కూడా ఆమే. పనిలో ఉన్నవాళ్లం ఆమె కాక నేనూ, పొరలు అంటించే యాకన్నా. యాకన్న రోజూ రఘునాథపల్లి నుంచి బస్సులో వస్తాడు. ఆయన ఆమెకంటే వయసులో పెద్దవాడు, అయినా అక్క అనే పిలిచేవాడు. ఆమె మాత్రం నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ. "ఏం పిల్లా" అంటే నేను పలకాలి.

మేం చేసేదేమిటో చుట్టాలకు చెప్పలేక చచ్చిపోతుంటాను. ఇక్కడ ఒకసారి చెప్తాను. తెర మీద వేలు పెడితే మిషన్‌కు తెలియాలి కదా. తెర తనంతట తాను వేలిని పట్టుకోలేదు. దాని మీద ఇంకో పొర ఉంటుంది, ఆ పొర పట్టుకుంటుంది. మేము గీసే పొరలో వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని రాగి గీతలు వల అల్లినట్టు ఉంటాయి. గీత మేము గీస్తాం, పొర వేరే ఊళ్లో తయారై వస్తుంది, ఇక్కడ అంటించి చూస్తాం. పొర వేలిని పట్టుకోవాలి, కానీ కంటికి అడ్డం రాకూడదు. వినడానికి ఎంత తేలికగా ఉందో! "గీత సన్నగైతే వేలు తెల్వది, లావైతే అంకె తెల్వది" అనేది అక్క. మా చదువంతా, మా జగడాలన్నీ ఈ రెండు ముక్కల మధ్యనే.

వాళ్లది మగ్గాల ఇల్లు. నాయన జంపఖానాలు నేసేవాడు. ఎర్రవీ నీలివీ పట్టీలు, మధ్యలో పువ్వులు, పెళ్లి పందిట్లో పరిస్తే అందరి కళ్లూ దాని మీదే. ఈమె ఇంజనీరింగ్ చదివి, బయటి ఊళ్లలో కొన్నాళ్లు పనిచేసి, తిరిగొచ్చి ఈ పని పెట్టుకుంది. వాళ్లమ్మకు చివరిదాకా అంతుపట్టలేదు.

"ఏం జేస్తవే బిడ్డా ఆడ?"

"వల అల్లుతనే అమ్మా. ఎవలకు కనవడదు."

"కనవడకపోతె ఎవలు కొంటరే పిచ్చిదానా?"

"కనవడితేనే కొనరే!"

ఇది చెప్పి చెప్పి నవ్వేది. నవ్వి, ఆ వెంటనే మూతి బిగించేది. "మా నాయిన పని ఊరంత జూసింది. నా పని ఎవడన్న జూసిండంటే నేను ఓడిపోయినట్టే" అనేది. ఆ మాటలో బాధ ఉందా, గర్వం ఉందా అని నేను చాలాసార్లు ఆలోచించాను. రెండూ ఉండేవి. గర్వమే ఎక్కువ.

ఆమె నడక, చీరకట్టు ఎవరడిగినా నాకు గుర్తు రావు. తల వంపు గుర్తొస్తుంది. ఏ తెరనైనా ఎదురుగా చూసేది కాదు. మెడ పక్కకు వాల్చి, ఒక కన్ను మూసి, తెర అంచు మీదుగా చూసేది. బట్టల కొట్లో చీరను వెలుతురుకు పట్టి పోగు చూసే ఆడవాళ్లు ఉంటారే, అట్లా. ఏటీఎం దగ్గర ఇదే పని. వెనక లైను పెరిగిపోయేది. ఒకసారి గార్డు వచ్చి "ఏమైందమ్మా, కార్డు ఇరికిందా?" అంటే, "కార్డు గాదు నాయినా, నీ స్క్రీను మీద అలలు లేసినయి, సముద్రం లెక్కున్నది, ఎవనికి చెప్పాలె?" అంది. అతను బిత్తరపోయాడు. ఆమె ఆగుతుందా? ఆ మిషన్ మీద రాసి ఉన్న నంబరుకు ఫోన్ చేసి, అవతల పాటలు వినిపిస్తుంటే సాసర్లో చాయ్ పోసుకుని తాగుతూ కూర్చుంది. చివరికి ఎవరో ఎత్తారు. "టచ్ పనిచేస్తలేదా మేడం?" అని అడిగారు. "టచ్ భేషుగ్గున్నది, చూపే పోయింది" అని పెట్టేసింది.

కోట లోపల ఇల్లు కాబట్టి సెలవు రోజుల్లో ఇంటి ముందు నుంచే టూరిస్టులు పోయేవాళ్లు. రాతి తోరణం కింద నిలబడి ఫోటో తీసుకుని, ఎలా వచ్చిందో చూసుకోవడానికి ఫోన్ మీద చేయి అడ్డం పెట్టుకుంటారు, ఎండకు కనపడక. ఆమె అరుగు మీద కూర్చుని వాళ్లను నాకు చూపించేది. "చూడు పిల్లా, ఇంత పెద్ద సైన్సు చేసి ఆఖరికి చేతి గొడుగు పెట్టిచ్చినం." ఆమెకు అది నవ్వులాట కాదు, నిజంగా సిగ్గు. తను చెయ్యని ఫోన్లకు కూడా ఈమే సిగ్గుపడేది.

పనిలో చేరిన మొదటి రోజు నా సర్టిఫికెట్ల వంక కూడా చూడలేదు. హ్యాండ్‌బ్యాగులోంచి రెండు దోమతెర ముక్కలు తీసింది. ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీకి ఎదురుగా పట్టుకుంది. "ఏం కనవడ్తాంది?" గళ్ల మీద గళ్లు పడిన చోట పెద్ద పెద్ద అలలు, నీళ్లలో ముడతల్లాగా. ఒక ముక్కను కొంచెం తిప్పింది, అలలు చిన్నవయ్యాయి. ఇంకొంచెం తిప్పింది, పోయాయి. మళ్లీ కొంచెం తిప్పితే మళ్లీ వచ్చాయి.

"తెర అంటే గళ్లే. మన వల గూడ గళ్లే. రెండింటికి పొత్తు కుదరాలె. ఎంత వంపు పెడ్తె కుదురుతదో ఏ తెరకు ఆ తెర జూసుకోవాలె. ఒక దానికి గీసింది ఇంకోదానికి పెడ్తె గిదే లొల్లి." ఇదే నా ఇంటర్వ్యూ. లెక్కలు, సిమ్యులేషన్లు, ఖరీదైన మైక్రోస్కోపు అన్నీ మా దగ్గర ఉన్నాయి, వాడతాం. అయినా ఆ దోమతెర ముక్కలు ఆమె బ్యాగు వదల్లేదు. లెక్క ముందు తేలినా, కళ్లతో చూడకుండా ఒప్పుకునేది కాదు.

దేవత అని చెప్పడం లేదు. భరించడం కష్టం. పత్తి సీజన్ వస్తే మాకు నరకం చూపించేది. లారీలు పోయే రోడ్డు, గాలిలో దూది. రెండు పొరల మధ్య ఒక్క పోగు చిక్కితే ఆ ముక్క పారెయ్యాల్సిందే. అందుకని కిటికీలకు తడి గుడ్డలు కట్టించేది, తెల్లారగానే నేలంతా నీళ్లు చల్లించేది, మా తలలకు గుడ్డ చుట్టించేది. యాకన్న కొత్త నూలు చొక్కా వేసుకొస్తే గుమ్మంలోనే ఆపి, "పండుగ ఇంటికాడ చేస్కో యాకన్నా, ఈడ పాత అంగి ఏస్కో" అని తిప్పి పంపింది. పాపం, ఆయన ఆ రోజు కూతురు కొనిచ్చిన చొక్కా వేసుకొచ్చాడు. నాకు కోపమొచ్చి ఆమెతో రెండు రోజులు మాట్లాడలేదు. నేను మాట్లాడడం లేదన్న సంగతే ఆమె గమనించలేదు!

'సర్దుకోండి' అన్న మాట ఆమె ముందు అనకూడదు. అంటే అయిపోయినట్టే. "కొంగు సర్దుకుంట, కుచ్చిళ్లు సర్దుకుంట, బస్సుల సీటు గూడ సర్దుకుంట. చూపు ఎట్ల సర్దుకుంటరే? కనవడనిది కనవడ్డదనుకోవాల్నా?"

సెలైన్ మిషన్ల పని ఒప్పుకున్నప్పుడు ఆమె మొదట చేసింది గీతలు గీయడం కాదు, నన్ను వెంటబెట్టుకుని దవాఖానకు పోవడం. పొద్దున పదిగంటల వేళ, వార్డు కిక్కిరిసి ఉంది. ఒక మూల నిలబడి అటూ ఇటూ చూస్తుంటే పెద్ద సిస్టర్ పట్టుకుంది.

"ఎవరు మీరు? మందుల కంపెనీయా? ఇప్పుడు టైం లేదు, పోన్రి."

"మందులు గాదు సిస్టరమ్మా. గీ మిషన్ మీద అంకె నువ్వు యాడ నిలబడి చూస్తవో చెప్తె పోతం."

ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. సిస్టర్ మా వైపు తిరిగింది. "నిలబడి చూసుడు యాడిది? నడుస్త నడుస్తనే చూస్త. ఈ మంచం కాడ సూది ఏస్తాన అనుకో, ఆ మంచం మిషన్‌ను ఈన్నుంచే తల తిప్పి చూసుకోవాలె. ఎనక కిటికీ, ఎండ కండ్లల్ల పడ్తది. మూతికి మాస్కు, అద్దాల మీద ఆవిరి. చేతికి గ్లోవ్స్, అవి తడి. ఇగ మీరే చెప్పున్రి."

అక్క ఒక్క మాట కూడా రాసుకోలేదు. ఆ సిస్టర్ నిలబడ్డ చోట నిలబడింది, మెడ వాల్చి ఒక కన్ను మూసింది. తర్వాత బయటికొచ్చి ఆటో ఎక్కాం. ఆటోలో అంది: "అంకె గాదు పిల్లా, అసలు సంగతి చుక్కది. ఒకటికి అయిదుకు నడుమ చుక్క ఉన్నదా లేదా. చుక్క ఉంటె మందు ఒకటిన్నర లెక్కన ఎక్కుతాన్నట్టు. లేకుంటె పదిహేను. ఆ చుక్క పోయిందంటె మన్షే పోతడు."

ఆ పని మేము బాగా చేశాం. చెప్పుకోవాలి, చెప్పుకుంటాను. వార్డు నడిమధ్య నుంచి, పక్కవాటుగా, ఎదురెండలో చుక్క కనపడింది. తడి గ్లోవ్ వేలిని కూడా పట్టుకుంది. కంపెనీ ఆయన ఆ రోజు స్వీటు డబ్బా పట్టుకొచ్చాడు.

ఏడాది తిరిగిందో లేదో ఆయనే ఇంకో మిషన్ పట్టుకుని వచ్చాడు. లోపల తెర మార్చేశాడు, ఇంకా చవకది దొరికిందట. పైన మాత్రం మా పాత పొరే. "సైజు అదే మేడం, కరెంటు అదే. ఊకె ఒకసారి చూసి ఓకే అంటె డబ్బాలు పంపిస్త. అంత రెడీ ఉన్నది." మేము ఓకే అంటేనే దవాఖానాలకు పోవాలని మొదట్లోనే ఆమె మాట తీసుకుంది, అందుకే వచ్చాడు.

అక్క మిషన్‌ను కిటికీ ముందు స్టూలు మీద పెట్టించింది. ఆయనను గుమ్మం దగ్గర, కొంచెం పక్కకు నిలబెట్టింది.

"అంకె సదువున్రి సారు."

"పదిహేను."

"జర మంచిగ చూడున్రి."

"పదిహేనే మేడం. నాకు సైటు గూడ లేదు."

ఆమె యాకన్నకు సైగ చేసింది. యాకన్న మిషన్ తీసుకుపోయి ఆయన ముఖం ముందు పెట్టాడు. ఒకటి, చుక్క, అయిదు. తెర గళ్లు మారాయి కదా, మా వలకూ దానికీ పొత్తు చెడింది. అలలు లేచి, ఒక అల సరిగ్గా ఆ చుక్క మీద పడింది. ఆయన ముఖం ఎర్రబడింది. ఆ వెంటనే తేరుకున్నాడు.

"దగ్గరికొస్తె కనవడ్తాంది కద!"

"దగ్గరికొచ్చే టైమున్నోళ్లకు మిషనెందుకు సారు? వాళ్లే బొట్లు లెక్కవెట్టుకుంటరు."

"గింత దానికి ఆర్డరంత ఆపుతరా? రోగిని అడిగినమా, రోగికి ఏమన్న తెలుస్తదా?"

అంతే. అప్పటిదాకా కూర్చున్న మనిషి లేచింది. గొంతు పెంచలేదు. "ఆయన అడగలేడు గనుకనే నేను అడుగుతాన. మంచం మీదున్నోడు లేసి, సిస్టరమ్మా, నా చుక్క యాడ వోయింది అంటడా? ఆయన తరుపున ఈ రూంల నేనొక్కదాన్నే ఉన్న. తీసుకపోన్రి."

"ఆర్డరు పోతె మీ దుకాణం మూతవడ్తది, చెప్తాన."

"మూతవడ్తె తాళం నేనే ఏసుకుంట. నా దుకాణానికి వేరేటోళ్లతోని తాళం ఏపిచ్చుకోను."

ఆయన విసురుగా పోయాడు. ఇంకెవరితోనో పొర గీయించుకున్నాడు. మాకు నిజంగానే కష్టకాలం వచ్చింది. తూకం మిషన్లకు, టికెట్ డబ్బాలకు చిల్లర పనులు చేశాం. ఆమె మెడలోని గొలుసు కనపడకుండా పోయింది, మేము అడగలేదు. నాకు లోపల భయం, పైకి కోపం. ఒకరోజు అనేశాను: "అక్కా, మనం పట్టుపట్టి ఏం లాభం? ఆయన ఎట్లాగూ పంపిస్తాడు."

"పంపిస్తడు. నేను పంపిచ్చినట్టు గాదు కద" అంది. అని, పల్లీలు ఒలుచుకుంటూ కూర్చుంది. అంత నిశ్చింతగా ఎలా ఉండగలదని ఆ రోజు ఆమె మీద మండిపడ్డాను. ఇప్పుడు అనుకుంటే అంత ధైర్యం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

వానకాలం పోయాక ఆయనే వచ్చాడు. ఎందుకొచ్చాడో ఆయన చెప్పలేదు. తర్వాత దవాఖానలో పెద్ద సిస్టరే చెప్పింది: వాళ్లు కొత్త మిషన్లను వార్డులో పెట్టనివ్వలేదట, నడుస్తూ చదవలేని మిషన్ మాకొద్దు, తీసుకపొమ్మన్నారట. అక్క ఆయనను ఒక్క దెప్పిపొడుపు మాట అనలేదు. నేనైతే కనీసం పది అనేదాన్ని. ఆమె ఆయన చేతిలోంచి కొత్త తెర తీసుకుని, దోమతెర ముక్క ఒకటి దాని మీద పరిచి, "దీనికి మొదటినుంచి గియ్యాలె" అంది.

అక్కకు గుండెపోటు వచ్చింది. పొద్దున చాయ్ తాగే వేళకు మాకు ఫోన్ వచ్చేసరికే అంతా అయిపోయింది. దాని గురించి ఇంకేం చెప్పను? నేను ఏడ్చాను. యాకన్న నాకంటే ఎక్కువ ఏడ్చాడు.

ఇక సోమవారం సంగతి. కంపెనీ ఆయన అన్నట్టే వచ్చాడు. ఇంకా చవక తెర, పైన మళ్లీ మా పాత పొర. మనిషికి ఎన్నిసార్లు చెప్పినా ఇదే తప్పు! ఈసారి సోఫాలో వెనక్కి వాలి కూర్చున్నాడు, ఇల్లు తనదైనట్టు. మిషన్ ఆన్ చేసి బల్ల మీద పెట్టి, "ఆమె ఉన్నప్పుడంటె వేరు మేడం. ఇప్పుడు మనం మనం మాట్లాడుకోవచ్చు" అన్నాడు.

భయం లేదని నేను అబద్ధం చెప్పను. ఈ ఆర్డరు పోతే ఆ చిల్లర పనులే గతి. ఈసారి అమ్ముకోవడానికి నా మెడలో గొలుసు లేదు. యాకన్న కూతురు నర్సింగులో చేరింది, ఫీజులు. అందుకే యాకన్న వైపు తల ఎత్తి చూడలేకపోయాను. గది అవతలి గోడ దగ్గర నుంచి యాకన్నే అన్నాడు:

"నాకైతె ఈన్నుంచి చుక్క కనవడ్తలేదు సారు."

నాకు ఎక్కడలేని బలం వచ్చింది. మిషన్ ఆపేసి, వైరు చుట్టి ఆయన ముందు పెట్టాను.

"సారు, అక్కకు ఓపిక ఎక్కువ. మీకు కూసోవెట్టి చెప్పింది, నిలవెట్టి సదివిపిచ్చింది. నాకంత ఓపిక లేదు. ఇది దవాఖానకు పోదు."

"ఆమె నేర్పిచ్చిందే మాట్లాడ్తాన్రు. మీరు గాకపోతె ఇంకోలు చేస్తరు, తెలుసు కద?"

"చెయ్యనియ్యిరి. ఏ వార్డుల వెడ్తరో ఆ వార్డుకు నేనే పోత. సిస్టర్లను ఒక్కొక్కరిని గుమ్మంల నిలవెట్టి మీ మిషన్ సదివిపిస్త. ఎవరు ఓకే అన్నరో అది గూడ వాళ్లకు చెప్త. బెదిరిస్తానని అనుకుంటె అనుకోన్రి, బెదిరిస్తాన."

ఇంత మాట నా నోట వస్తుందని నాకే తెలియదు. బల్ల పట్టుకుని నిలబడ్డాను. ఆయన నన్ను చూశాడు, యాకన్నను చూశాడు. లేచి, మిషన్‌ను సంచిలో పెట్టుకుని, జిప్పు లాగి, గుమ్మం దాటాడు. కింద కొట్లో గిన్నెలు పేరుస్తున్న చప్పుడు. ఆయన చెప్పులు రెండు మూడు మెట్లు దిగి ఆగాయి. దిగే చప్పుడు లేదు. తర్వాత మళ్లీ ఎక్కి వచ్చాడు. సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. నా వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ అడిగాడు:

"కొత్తగ గీస్తె ఎన్ని రోజులైతది?"

"కనవడేదాక" అన్నాను.